కాకతి రుద్రమదేవి: కోటగోడ, చెరువుకట్ట, ప్రసూతిశాల

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికలో ఓరుగంటి రాణి చరిత్రమునకు కొన్ని పుటలు కేటాయించుట సముచితము. రుద్రమదేవి పేరు వినని తెలుగువాడు లేడు. కాని మనము ఆమెను ఎరిగినది ఏ రూపమున? గుఱ్ఱమునెక్కి, కత్తి దూసి, శత్రువులపై లంఘించు వీరనారిగానే గదా! మన బీరువాలలోని నోరి నరసింహశాస్త్రిగారి నవలయు, అడివి బాపిరాజుగారి గోన గన్నారెడ్డియు, వాని పిదప వచ్చిన నాటకములును, చలనచిత్రములును ఆ రూపమునే మన కన్నులకు కట్టించినవి. ఆ రూపము అసత్యమని నేననను. అయితే కత్తి పట్టిన రాజులకు మన దేశమున ఏనాడును కొదువ లేదు. ఆమె ఏలుబడిలో కృష్ణాతీరమున ఒక గ్రామములో గర్భిణులకు పురుడు పోయుటకు ఒక శాలయు, రోగులకు ఒక వైద్యుడును, ఆకొని వచ్చిన వానికి కులము అడుగక పెట్టెడి అన్నమును ఏర్పాటు చేయబడి, ఆ ఏర్పాటునకు కావలసిన భూమి రాతిమీద చెక్కి ఇయ్యబడెను. ఈ సంగతి ఎరిగినవారు తక్కువ. అందుచేత ఈ వ్యాసమున కత్తికి కొంత తక్కువ చోటును, చెరువునకును ఆరోగ్యశాలకును కొంత ఎక్కువ చోటును ఇచ్చితిని.

కాకతీయులు మొదట అనుమకొండ రాజధానిగా కల్యాణి చాళుక్యులకు సామంతులై ఉండిరి. వేయిస్తంభముల గుడిని 1163లో కట్టించిన రుద్రదేవుడు స్వతంత్రుడై, ఓరుగల్లున కోటకు ఆరంభము చేసెను. అతని తమ్ముని కుమారుడు గణపతిదేవుడు 1199లో రాజ్యమునకు వచ్చి అరువదేండ్లకు పైగా ఏలెను. తెలుగునేల చాలవరకు ఒకే ఏలుబడి క్రిందికి వచ్చినది ఆయన కాలముననే. ఓడ పగిలి సరకు తీరమునకు కొట్టుకొని వచ్చినచో దానిని రాజులు కాజేయుట పూర్వాచారము. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పి, నియతమైన సుంకము మాత్రమే పుచ్చుకొందునని సముద్రవ్యాపారులకు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవునందు అభయశాసనము ఇచ్చెను. పరుల సొమ్మునకు రాజు కావలి కాని హక్కుదారు కాడను ఈ బుద్ధి ఆ ఇంట పెరిగిన బిడ్డకు కొంతయైనను అబ్బియుండునని ఊహించుట తప్పు కానేరదు.

గణపతిదేవునకు రాజ్యమునకు వారసుడగు కుమారుడు లేడు. ఇద్దరు కుమార్తెలు కలరు. గణపాంబను ధరణికోట ఏలెడి కోట వంశమువాడగు బేతరాజునకు ఇచ్చిరి. భర్త గతించిన పిదప ఆమె ఆ సీమను తానే పాలించెను. రుద్రమను నిడదవోలు చాళుక్యుడగు వీరభద్రునకు ఇచ్చిరి. అనగా ఆ తండ్రికి కలిగిన ఇద్దరు ఆడుబిడ్డలును నేల ఏలినవారే. రుద్రమదేవికిని కొడుకులు కలుగలేదు. ముమ్మడమ్మ, రుద్రమ, రుయ్యమ అని ముగ్గురు కుమార్తెలు. ముమ్మడమ్మ కొడుకగు ప్రతాపరుద్రుని ఆమె దత్తత చేసికొని, తన తరువాతి రాజుగా పెంచెను.

రుద్రమ పేరును గూర్చి ఇచట ఒక మాట. శాసనములలో ఆమెను రుద్రదేవ మహారాజని పురుషనామముతో వ్రాసిన తావులు పెక్కు కలవు. గణపతిదేవుడు ఆమెను కొడుకువలె పెంచి, ఆ పేరు పెట్టి, పట్టమునకు అర్హునిగా లోకమునకు చూపెనని పండితులు చెప్పుదురు. దీనివలన తరువాతి వ్రాతలలో గందరగోళము కలిగినది. ప్రతాపరుద్ర చరిత్రమను గ్రంథము ఆమెను గణపతిదేవుని కూతురనక భార్య యనెను. వెనిస్ నగరమునుండి వచ్చిన మార్కో పోలో సైతము చనిపోయిన రాజునకు ఆమె భార్యయని విని అట్లే వ్రాసికొనెను. ఈ రెండును పొరపాట్లే. శాసనములు తండ్రి ఎవరో, కూతురెవరో స్పష్టముగా చెప్పుచున్నవి. నా మట్టుకు ఈ పొరపాటే ఒక సాక్ష్యముగా తోచుచున్నది. సింహాసనముమీద ఒక స్త్రీ కూర్చుండినచో ఆమె రాజుగారి వితంతువై ఉండవలెనే కాని, తన హక్కున ఏలుచున్నదని అనుకొనుట ఆనాటివారికి అంత సులువు కాకుండెను.

ఆ శతాబ్దమున స్త్రీలు రాజ్యమునకు వచ్చుట ఒక్క ఓరుగంట జరిగిన విషయము కాదు. ఢిల్లీలో ఇల్‌తుత్‌మిష్ కుమార్తె రజియా 1236లో సింహాసనమెక్కెను. నాలుగేండ్లు నిండునంతలో సర్దారులు తిరుగబడి ఆమెను కూల్చిరి. ఈజిప్టులో షజర్ అల్ దుర్ 1250లో సుల్తానాయై కొలది నెలలకే గద్దె దిగవలసి వచ్చెను. రుద్రమదేవియో, తండ్రితో కలిసి పాలించిన కాలమును చేర్చికొన్నచో, 1260 ప్రాంతమునుండి 1289 వరకు నిలిచెను. ముగ్గురికిని ఎదురైన చిక్కు ఒక్కటే. ఈమె ఇంతకాలము ఎట్లు నిలిచెను అనుటయే మనము అడుగవలసిన ప్రశ్న.

ఆమె చేతికి రాజ్యము సుఖసమయమున రాలేదు. 1263లో నెల్లూరు చేరువ ముత్తుకూరు కడ పాండ్యుల చేతిలో కాకతీయసేన ఓడిపోయెను. దక్షిణపు సీమలు జారిపోయెను. వృద్ధుడైన తండ్రి రాజ్యభారమునుండి తొలగెను. ఆడుది ఏలుటయా అని సామంతులలో కొందరు మొగము త్రిప్పికొనిరి. పడమటనుండి దేవగిరి యాదవ రాజగు మహాదేవుడు దండెత్తి వచ్చెను. ఈ యుద్ధమును గూర్చి రెండు కథలు కలవు. యాదవుల పక్షమున హేమాద్రి పండితుడు తన రాజు ఆంధ్రరాణిని స్త్రీయని దయతలచి విడిచెనని వ్రాసెను. మనవారి ప్రతాపరుద్ర చరిత్రము ఆమె మహాదేవుని దేవగిరివరకు తరిమి, కోటి సువర్ణములు పుచ్చుకొనెనని చెప్పెను. గెలిచినవాడు దయతలచుట, ఓడినవాడు కోట్లు చెల్లించుట కవులకు సులభమైన పనులు. రాతి సాక్ష్యము మాత్రము మన వైపునకే కొంత మొగ్గుచున్నది. ఏలయన, అదివరకు యాదవుల ఏలుబడిలో ఉన్న బీదరు కోటలో రుద్రమదేవి శాసనమొకటి దొరకినది. అచటికి ఆమె సేన పోనిచో ఆ శాసనము అచట ఉండుటకు కారణము కనబడదు.

ఆమెకు అండగా నిలిచినవారిలో రేచర్ల ప్రసాదిత్యుడు, గోన గన్నారెడ్డి, కాయస్థ జన్నిగదేవుడు ముఖ్యులు. వంశగౌరవముకంటె పనితనము చూచి నాయకులను ఎన్నుకొని, వారికి సీమలు అప్పగించి, ఆ సీమల ఆదాయమునుండి సేనలను నిలుపుకొను బాధ్యత వారికే విడుచు పద్ధతి ఆమె కాలమున బలపడెను. దీనినే తరువాత నాయంకరమనిరి. ఇందు మేలును కలదు, ముప్పును కలదు. నమ్మిన నాయకుడు నిలిచినచో రాజ్యము నిలుచును. తిరిగినచో అతని చేతిలో రాజు ఇచ్చిన సేనయే ఉండును. ఆ ముప్పు ఆమెకు చివరి దినములలో ఎదురాయెను.

కోట సంగతి క్లుప్తముగా చెప్పుదును. తండ్రి కట్టించిన రాతికోట గోడను ఆమె ఎత్తు పెంచెను. దానికి వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసమున మట్టికోటను, దాని చుట్టును వెడల్పైన అగడ్తను ఏర్పరచెను. రాతిగోడ లోపలి వైపున సైనికులు ఎచటనుండియైనను ఎక్కుటకు వీలుగా మెట్లు కలవు. నేడు వరంగల్లు చూడ వచ్చువారు నాలుగు కీర్తితోరణములకడ నిలిచి చిత్రపటములు తీసికొని మరలిపోవుదురు. మట్టికోటను గుర్తించువారు తక్కువ. కాని రాతిగోడ సైన్యమును కాపాడునది, మట్టిగోడ ఊరిని కాపాడునది. ఆ రెండింటి నడుమ సాలెలు, కుమ్మరులు, కమ్మరులు, కాపులు, వర్తకులు బ్రతికిరి. కోటలోపలను చుట్టుపట్లను చెరువులు, మెట్లబావులు కలవు. ముట్టడి వచ్చినపుడు లోపలివారు దాహముతో చావకుండుటకు ఇవియే ఆధారము.

ఇక చెరువులు. ఓరుగంటి సీమకు నిండు వేసవిలో పారెడి పెద్ద నది చేరువలో లేదు. గోదావరి ఉత్తరమున దూరముగా, కృష్ణ దక్షిణమున ఇంకను దూరముగా ఉన్నవి. నేల క్రింద రాయి, నేలమీద ఎఱ్ఱమట్టి, నాలుగు నెలల వాన. ఆ వానను ఆపుకొన్న ఊరు బ్రతికినది, ఆపుకొననిది చెడినది. అందువలన మనవారు సంతానములు ఏడని చెప్పి, కొడుకుతోపాటు చెరువును, కావ్యమును, దేవాలయమును, అగ్రహారమును, వనమును, నిధిని అందు చేర్చిరి. కొడుకులు లేని తండ్రి బిడ్డయై, తానును కొడుకులను కనని ఆ రాణికి ఈ సప్తసంతాన ధర్మము ఊరటనిచ్చెనో లేదో మనము చెప్పజాలము. కాని ఆమె పుట్టిన ఇల్లు చెరువుల ఇల్లు. గణపతిదేవుని కాలముననే రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో గుడిని, దానితోపాటు రామప్ప చెరువును ఏర్పరచెను. ఆ గుడిని 2021లో ప్రపంచ వారసత్వ స్థానముగా యునెస్కో గుర్తించినది. జగదాల ముమ్మడి రెండు గుట్టల నడుమ కట్ట వేసి పాకాల చెరువును నిలిపెను. లక్నవరము, గణపురము చెరువులును ఆ కాలమువే. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెరువు త్రవ్వించి, ఆ కట్టమీద వేయించిన శాసనముననే కాకతీయుల వంశావళి మనకు దొరకినది. రుద్రమకు మేనత్తయగు స్త్రీ ఒకతె కట్ట వేయించి, ఆ కట్టమీద తన పుట్టింటి చరిత్రను వ్రాయించుట నాకు మిక్కిలి ఇష్టమైన సంగతి.

పెద్ద చెరువులలో చాలవరకు తండ్రి నాటివే అయినపుడు బిడ్డకు కీర్తి ఏమిటని ఎవరైన అడుగవచ్చును. చెరువును ఎరిగిన కాపు ఆ ప్రశ్న అడుగడు. కట్ట వేయుట ఒక వేసవి రెండు వేసవుల పని, నిలుపుట తరతరముల పని. ఏటేట వాననీటితో ఒండ్రు వచ్చి చేరును. పూడిక తీయనిచో నీటి పట్టు తగ్గును. తూము చెడినచో ఆయకట్టు ఎండును. మత్తడికి దారి లేనిచో కట్ట తెగును. మన చెరువులు ఒంటరివి కావు, గొలుసుకట్టువి. పై చెరువు మత్తడి పోసిన నీరు వాగు వెంట దిగువ చెరువునకు చేరును. ఒక ఊరివారు ఏమరినచో క్రింది నాలుగు ఊళ్లు మునుగును. కావున చెరువు అనునది నీటి నిలువ మాత్రమే కాదు, ఊరికిని ఊరికిని నడుమ ఒడంబడిక. ఈ ఒడంబడికను కాపాడుటకు కాకతీయులనాడు దశబంధమను ఏర్పాటు ఉండెను. చెరువు కట్టించినవానికి, దానిని బాగుచేయు భారము వహించినవానికి ఆయకట్టులో పదియవ పాలు మాన్యముగా దక్కును. ఖజానా సొమ్ము కొరకు ఎదురుచూడక ఊరివాడే ఊరి చెరువును కనిపెట్టుకొని ఉండును. యుద్ధములు ముమ్మరముగా సాగిన ముప్పదేండ్లలో ఆ ఏర్పాటు చెడక నిలిచినదన్నచో, ఆ చెరువులు తరువాతి తరమునకు అందినవన్నచో, అది పాలకురాలి పనియే.

ఆరోగ్యమునకు చెరువునకు సంబంధమేమని అడుగుదురా? చెరువు నిండినచో ఊరి బావులలో ఊట పెరుగును, బావినీరు తేటపడును. పూడికమట్టి పొలమునకు ఎరువగును. చేపయు, తామరదుంపయు పేదవాని కంచమునకు వచ్చును. అయితే ఒక్క మాట దాచరాదు. నాచుపట్టి, గుఱ్ఱపుడెక్క ఎక్కి, కదలక నిలిచిన నీరు దోమలకు పుట్టిల్లు. దోమవలన చలిజ్వరము వచ్చునని రోనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. నీరు వచ్చుచు, పోవుచు, చేపలతో నిండియున్న చెరువునకును, మురుగు చేరి కుళ్లిన మడుగునకును గల భేదము ఊరి ఆరోగ్యమునకును అనారోగ్యమునకును గల భేదమే. కాకతీయుల నాటి గొలుసును తెంచి, శిఖము భూములలో ఇండ్లు లేపి, నీరు పోవు నాలాలను మూసిన ఫలితమును వరంగల్లు, హనుమకొండ వాసులు 2020 ఆగస్టులో నడుము లోతు నీటిలో నిలిచి చూచిరి. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేరిట 46,000కు పైగా చెరువుల పూడిక తీయించుటకు పూనుకొన్నపుడు ఆ వంశము పేరు పెట్టుట ఉచితముగానే ఉండెను. కాని పూడిక తీయుట ఒకసారి చేసి విడుచు పని కాదనుటకు పైన చెప్పినదే చాలును.

ఇపుడు ఈ వ్యాసమునకు ప్రాణమైన విషయమునకు వత్తును. గుంటూరు జిల్లాలో కృష్ణకు దక్షిణపు గట్టున మందడము చేరువ మల్కాపురమను గ్రామము కలదు. అచట ఒక రాతి స్తంభముపై శాలివాహన శకము 1183, అనగా క్రీ.శ. 1261 నాటి దీర్ఘశాసనమొకటి కలదు. దానిని జయంతి రామయ్య పంతులుగారు పరిష్కరించి ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో ప్రకటించిరి. గ్రాంథిక వ్యావహారిక వాదములలో గ్రాంథికపక్షమునకు నాయకుడని మాత్రమే ఆయనను తలచువారు ఈ శాసనపు పని చూచినచో ఆయనకు ఇంకొక నమస్కారము పెట్టుదురు.

కథ యిది. నర్మదాతీరమున డాహల మండలములో గోళకీమఠమను శైవమఠము ప్రసిద్ధమై ఉండెను. ఆ మఠపరంపరలోనివాడు, గౌడదేశమున పుట్టినవాడు విశ్వేశ్వర శివాచార్యుడు. గణపతిదేవుడు ఆయనవద్ద దీక్ష గైకొని, ఆయనను తండ్రివలె భావించెను. మందరమను గ్రామమును గురువునకు ఇత్తునని మాట యిచ్చెను. ఆ మాటను చెల్లించినది రుద్రమదేవి. తండ్రి ఇత్తునన్న ఊరితోపాటు వెలగపూడి గ్రామమును, కృష్ణలోని లంకభూములను సైతము ఆమె శాసనపూర్వకముగా ధారపోసెను. ఆచార్యుడు ఆ భూమిని తన మఠమునకు మాత్రమే వాడుకొనలేదు. అచట శివాలయమును, మఠమును, అన్నసత్రమును కట్టించి, దక్షిణమునుండి అరువది బ్రాహ్మణ కుటుంబములను రప్పించి భూములిచ్చి నిలిపి, ఆ ఊరికి విశ్వేశ్వర గోళకి యని పేరిడెను. మిగిలిన భూమిని మూడు పాళ్లు చేసెను. ఒక పాలు దేవునకు. రెండవ పాలు మఠమునకును చదువుకొను విద్యార్థులకును. మూడవ పాలు ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు.

ఆ మూడవ పాలు చూడుడు. దేవునకు ఎంత భూమియో, చదువునకు అంత భూమి. చదువునకు ఎంతయో, పురిటింటికిని రోగికిని అన్నమునకును కలిపి అంత. ఈ విభజన ఎవరో పండితుడు పిమ్మట చేసిన వ్యాఖ్యానము కాదు, రాతిమీద ఉన్నది. ఆనాడు కాన్పు అనునది స్త్రీకి యుద్ధమే. రణమున చచ్చిన మగవానికి వీరగల్లు నిలుపుదురు. కాన్పులో చచ్చిన ఆడుదానికి శిల నిలిపిన ఊళ్లెన్ని? అట్టి కాలమున పురుడు ఇంటి మూల చీకటిగదిలోని రహస్యము కాదు, ఊరు భూమి కేటాయించి భరింపవలసిన బాధ్యతయని ఒప్పుకొనిన శాసనము ఇది.

ఆ ఊరిలోని ఉద్యోగుల పట్టిక ఇంకను చిత్రమైనది. ఋగ్యజుస్సామవేదములు చెప్పుటకు ముగ్గురు, వ్యాకరణము, తర్కము, సాహిత్యము, ఆగమము మొదలగు శాస్త్రములకు అయిదుగురు గురువులు. ఒక వైద్యుడు. లెక్కలు వ్రాయుటకు ఒక కాయస్థుడు. వంటవారు, పరిచారకులు. గుడిలో ఆడువారు, పాడువారు, మద్దెల వాయించువారు. ఊరి కావలికి వీరభద్రులను పేరుగల పదిమంది రక్షకులు. ఇక కంసాలి, కమ్మరి, కంచరి, వడ్రంగి, రాతిపనివాడు, కుమ్మరి, మేదరి, మంగలి, అందరికిని భూములు. ఒక గ్రామము ఆరోగ్యముగా ఉండవలెనన్నచో వైద్యుడొక్కడే చాలడనియు, కుండ చేయువాడును, బుట్ట అల్లువాడును, లెక్క వ్రాయువాడును, కావలి కాయువాడును తమ తమ చోట నిలువవలెననియు ఆ ఏర్పాటు చేసినవానికి తెలియును. అన్నసత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చిన వారెల్లరకు అడ్డులేక అన్నము పెట్టవలెనని శాసనము విధించెను. ఈ ధర్మమునకు అధిపతియగు ఆచార్యునకు ఏటికి నూరు నిష్కములు జీతము. అతడు దారితప్పినచో తొలగించి మరియొకని నిలుపుకొను హక్కు శైవసంఘమునకు ఇయ్యబడెను. అధికారియొక్క మంచితనముపైనే భారము వేయక, అతడు చెడినపుడు ఏమి చేయవలెనో ముందే వ్రాసి పెట్టిన ఈ దూరదృష్టికి మెచ్చుకొనకుండ ఉండలేము.

ఇచట ఒక తగవు తీర్పవలసియున్నది. ఈ ప్రసూతిశాల రుద్రమదేవి కట్టించినదేయని కొందరు ఉత్సాహవంతులు వ్రాయుచున్నారు. శాసనము అట్లు చెప్పలేదు. భూమి ఆమెది, తీరు తెన్ను ఆచార్యునిది. మరికొందరు ఇది కేవలము మఠముపని, రాణికి దానము చేసిన పుణ్యము తప్ప వేరేమియు లేదందురు. అదియును అన్యాయము. తండ్రి నోటిమాటగా విడిచిన దానిని చెల్లింపక తప్పించుకొను రాజులు ఎందరో కలరు. అపుడపుడే రాజ్యమునకు వచ్చి, శత్రువులు నలుదెసల కాచియున్న దినములలో సారవంతమైన కృష్ణాతీర గ్రామములను వదలుకొనుటకు, పైగా అడిగినదానికంటె ఎక్కువ యిచ్చుటకు, నిబ్బరము కావలెను. యోగ్యుని గుర్తించి, అతని చేతికి సాధనమిచ్చి, అతని పనిలో చేయి పెట్టక తాను ప్రక్కన నిలుచుట పాలకులకు అన్నిటికంటె కష్టమైన విద్య. అట్లని ఆ ఊరిని స్వర్గముగా వర్ణింపను. వేదవిద్య అందరికిని తెరువబడలేదు. కులముల మెట్లు ఆ ఊరిలోను ఉండెను. అన్నము పంక్తిలో అందరికిని దొరకెను, చదువు దొరకలేదు. ఈ వెలితిని చెప్పకయే ఆ గొప్పను చెప్పుట చరిత్ర కాదు.

రుద్రమదేవి పాలనను గూర్చి పరదేశీయుని మాట ఒకటి మిగిలినది. మార్కో పోలో చీనానుండి తిరిగి పోవుచు 1290కి తరువాతి సంవత్సరములలో మన తీరపు సంగతులు తెలిసికొనెను. మోటుపల్లిని ముత్ఫిలి యని పిలిచి, ఆ దేశమును వివేకవతియగు రాణి న్యాయముగా, శాంతిగా, భర్త ఏలిన దానికి తీసిపోకుండ పాలించెననియు, ప్రజలు ఆమెను మిక్కిలి ప్రేమించిరనియు వ్రాసెను. భర్తయనుట పొరపాటని ముందే చెప్పితిని. అచటి కొండలలో వానకు కొట్టుకొని వచ్చు వజ్రములను, సాలెగూటివలె సన్నని వస్త్రములను ఆయన మెచ్చుకొనెను. వజ్రముల మాట లోకమునకు నచ్చినది. ఆ వస్త్రములు నేసిన సాలెవాడు నిశ్చింతగా మగ్గము ముందు కూర్చుండుటకు కారణమైన పాలనను గూర్చిన మాటయే మనకు ముఖ్యము. ఆ మాట ఓడరేవు వర్తకులనుండి ఆయన చెవిని పడియుండును. వర్తకులు రాజులను ఊరక పొగడువారు కారు.

చివరి సంవత్సరములు ఆమెకు విశ్రాంతి నీయలేదు. నాయంకరపు ముప్పును గూర్చి పైన చెప్పితిని. జన్నిగదేవునకు తమ్ముడగు కాయస్థ అంబదేవుడు దక్షిణపు సీమలను చేజిక్కించుకొని, క్రమముగా బలపడి, కాకతీయులను ధిక్కరించి స్వతంత్రుడాయెను. అతని విజయములను 1290 నాటి త్రిపురాంతక శాసనము వరుసగా పేర్కొనుచున్నది. అన్న నిలబెట్టిన సింహాసనమును తమ్ముడు కదిలించెను. రుద్రమదేవి అప్పటికి వృద్ధురాలు. మనుమడు ప్రతాపరుద్రుడు పాలనలో చేదోడుగా ఉండెను. అయినను తిరుగుబాటును అణచుటకు సేనతో ఆమెయే కదలెనని చరిత్రకారుల ఊహ.

ఆమె మరణమును గూర్చి బహుకాలము ఏమియు తెలియదు. 1295 వరకు ఏలెనని పాత పుస్తకములు వ్రాసినవి. మన గ్రంథాలయములోని పాత చరిత్రలందు సైతము పాఠకులకు ఆ సంవత్సరమే కనబడవచ్చును. నల్లగొండ జిల్లా నకిరేకల్లు చేరువ చందుపట్ల గ్రామమున దొరకిన చిన్న తెలుగు శాసనము ఆ లెక్కను మార్చినది. అది 1289 నవంబరు నాటిది. పువ్వుల ముమ్మడి యను సేవకుడు వేయించినది. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమునకు ఏగిరనియు, వారికి పుణ్యముగా చందుపట్లలోని సోమనాథదేవునకు భూమి ఇచ్చితిననియు అందు వ్రాయించెను. రాణియు సేనానియు ఒక్కసారి గతించుటను బట్టి, వారు అంబదేవునితో జరిగిన పోరులో పడియుందురని పరిశోధకులు నిర్ణయించిరి.

రాజబంధువు వేయించిన శాసనము కాదది. ఆస్థానకవి రచించిన శ్లోకములు అందు లేవు. సేనానికి కొలువుచేసిన ఒక భటుడు తనకున్న దానిలో కొంత నేలను ఏలిక పేరను, ఏలికసాని పేరను దేవునకు విడిచి, నాలుగు పంక్తులు చెక్కించెను. రెండేండ్లు తిరుగకముందే ప్రతాపరుద్రుని సేనలు అంబదేవుని ఓడించి త్రిపురాంతకమును తిరిగి చేకొనెను. అమ్మమ్మ ఎత్తు పెంచిన కోటలో అతడు 1323 వరకు ఏలెను.